చీరాల రుమాలు – మీమాంసకుల నిర్ణయము

చీరాల అను పేరు క్షీరపురి నుండి పుట్టినదని కొందరు, చీర నుండి పుట్టినదని కొందరు చెప్పుదురు. మగ్గముల ఊరికి రెండవదే సహజముగా తోచును. సీతారాములు వనమునకేగునపుడు కైకేయి తెచ్చియిచ్చిన నారబట్టలను వాల్మీకి చీరములనెను. అంతటి ప్రాచీన శబ్దము నేతవారి నోట నేటికిని నిత్యము పలుకుచున్నది.

అయితే ఆ ఊరికి సముద్రముల ఆవల కీర్తి తెచ్చిన వస్త్రము పేరు తేలియా రుమాలు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను పలుమార్లు నానబెట్టి, పడుగును పేకను కూడ ముందుగానే ముడులు కట్టి రంగులద్ది, ఎరుపు నలుపు తెలుపులలో చతురస్రముగా నేయుదురు. నూనె వాసన త్వరగా వీడదు. అరబ్బు దేశములవారు దీనిని తలకు చుట్టుకొనెడివారు. 'తేల్' అనునది సంస్కృత తైలమునకు హిందీ రూపము. దాని మూలము తిల, అనగా నువ్వు. 'రుమాలు' ఫారసీ పదము: రూ అనగా ముఖము, మాల్ అనగా తుడుచునది. ముఖము తుడుచు గుడ్డ తలపాగా యయినది! స్వామికి సమర్పించు పట్టువస్త్రపు అంచున మెరయు జరీ సైతము ఫారసీ 'జర్', అనగా బంగారము, నుండి వచ్చినదే.

ఇది విని భక్తులు కొందరు నొచ్చుకొందురు. ప్రతి పదమునకు ఏదో యొక సంస్కృత ధాతువును అతికింపజూతురు. మీమాంసాశాస్త్రము ఈ విషయమును ఏనాడో విచారించినది. వేదమందలి పిక, నేమ, తామరసాది శబ్దములకు ఆర్యులలో ప్రసిద్ధార్థము లేనపుడు, నిరుక్త వ్యాకరణములతో క్రొత్త అర్థము కల్పింపరాదనియు, మ్లేచ్ఛ వ్యవహారమందున్న కోకిల, సగము, పద్మము అను అర్థములనే గ్రహింపవలెననియు శబరస్వామి నిర్ణయించెను. వేదార్థమునకే అట్టి నియమము ఉండగా రుమాలుకు వేరు నియమమేల?

కుమారిలభట్టు తంత్రవార్తికమున మరింత చమత్కారముగా మందలించెను. ద్రావిడభాషలో అన్నమును 'చోర్' అన్నచో దానిని సంస్కృత చోర శబ్దముగా కల్పించువారిని, త్రోవను 'అతర్' అన్నచో దాటుటకు కష్టమైనది గనుక 'అతర' మనువారిని, పామును 'పాప్' అన్నచో నిజముగా అది పాపమే యనువారిని ఆయన పరిహసించెను. పొరుగుననున్న ద్రావిడభాషయందే ఇంత స్వేచ్ఛాకల్పన చేయువారు పారసీ, బర్బర, యవన, రౌమక భాషలలో ఏమి చేయుదురో యని ఆశ్చర్యపడెను. ఆ వరుసలో మొదట నిలిచినది పారసీయే.

పేరు మనదై వస్తువు పరదేశమునదైన సందర్భమును గలదు. గుంటూరు సీమ నేలలను ఎరుపెక్కించు మిరప అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసుల ఓడలలో భారతమునకు చేరినది. దాని పేరు మాత్రము మన మిరియమునకు చుట్టము. ఆచారపరుల ఇండ్లలో శ్రాద్ధదినమున కారమునకు నేటికిని మిరియమునే వాడుదురు. ఆనాటి వంటలో మిరపకు చోటులేదు.