తోట కన్నా ముందు చెరువు

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడినప్పుడు ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. చెట్టు అందనివాళ్ల లెక్క వేరు. పదిహేను వేల మంది పోయారన్నది ఎక్కువగా వినిపించే అంకె. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యని, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. దాని మీద రాసిన కవితకి ఆయన పెట్టుకున్న పేరు 'ఖయామతే సుగ్రా'. అంటే చిన్న ప్రళయం.

ఇప్పుడు అదే నది ఒడ్డున పార్కులు, నడకదారులు వస్తాయంటున్నారు. నగరంలో దాదాపు 55 కిలోమీటర్ల మూసీ తీరాన్ని బాగుచేస్తామన్న పథకం 2024లో వేగం అందుకుంది. అధికారులు సియోల్ దాకా వెళ్లి అక్కడి నదిని చూసొచ్చారు. దీని మీద జరిగే వాదనలో ఒకరు అందం అంటారు, ఇంకొకరు విధ్వంసం అంటారు. ఇద్దరూ మర్చిపోతున్న సంగతి ఒకటుంది. ఈ ఊరు ఈ పనిని వందేళ్ల కిందటే ఒకసారి చేసింది. అప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత చేశారన్నది ఇవాళ మనకి పనికొచ్చే పాఠం.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. బొంబాయి కొలువు వదిలేసి యూరప్ తిరుగుతున్న ఆయన 1909లో హైదరాబాద్ వచ్చాడు. మునిగింది నగరమే అయినా ఆయన ముందు చూసింది నగరాన్ని కాదు, దాని ఎగువని. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, వాటిలో 221 చెరువులకి గండ్లు పడ్డాయి అని లెక్క తేల్చాడు. ఇవన్నీ గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీళ్లు కింది చెరువుని కూడా తెంపుకుని వస్తాయి. కాబట్టి ఎంత పెద్ద గోడ కట్టినా ఊళ్లో నిలబడి వరదని ఆపలేం, ఊరికి పైనే పట్టుకోవాలి అన్నాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

తీరాన్ని తోటలుగా, షికారు దారులుగా మలచాలన్న ఆలోచన కూడా విశ్వేశ్వరయ్యదే. రివర్‌ఫ్రంట్ అన్న మాట మనకి కొత్తగానీ ఆ కోరిక పాతదే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఒడ్డున రక్షణ గోడలు, వాటి వెంట తోటలు, ఒకవైపు హైకోర్టు, ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఎగువ పట్టిన నీళ్ల పుణ్యమే ఆ అందమంతా.

అయితే ఈ కథలో ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని దాచి పాతకాలాన్ని పొగడకూడదు. నీళ్లని పైన ఆపేశాక కింద నదికి సొంత ప్రవాహం తగ్గిపోయింది. ఊరు పెరిగింది, ఖాళీ అయిన గర్భంలోకి మురుగు చేరింది. వరద నుంచి కాపాడిన ఆనకట్టే నదిని నాలాగా మార్చడంలో ఒక చెయ్యి వేసింది. వానాకాలం దాటాక ఇవాళ మూసీలో పారేదాంట్లో ఎక్కువ భాగం మనం ఇళ్ల నుంచి వదిలిందే. దిగువన రైతులు ఆ నీళ్లతోనే వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఏ ఒక్క మేలూ ఉచితంగా రాలేదు.

మరి ఇప్పటి పార్కు వల్ల మేలు లేదా? ఉంది, చాలా ఉంది. టికెట్ లేకుండా కూర్చోడానికి చోటు దొరకని నగరం మనది. పైగా వరద మైదానానికి పార్కు కన్నా మంచి వాడకం లేదు. గడ్డి మునిగితే మళ్లీ లేస్తుంది, ఇల్లు మునిగితే అలా కాదు. ఏటా కొంచెం కొంచెంగా నదిలోకి జరుగుతున్న భవన వ్యర్థాలకి, వెంచర్లకి అదొక హద్దు కూడా అవుతుంది.

కాకపోతే ఆ పార్కు నదికి చోటు ఇస్తుందా, నది నుంచి చోటు లాక్కుంటుందా అన్నది తేలాలి. అహ్మదాబాద్‌లో సబర్మతిని రెండు కాంక్రీటు గోడల మధ్య 263 మీటర్ల ఒకే వెడల్పుకి కుదించారు. ఫొటోల్లో నిండుగా కనిపించే ఆ నీళ్లు నర్మద కాలువవి. సియోల్‌లో 2005లో తిరిగి తెరిచిన చొంగేచొన్ వాగులో పారేది కూడా ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడిన నీరే. మనవాళ్లు గోదావరిని మల్లన్నసాగర్ నుంచి తెచ్చి, అందులో 2.5 టీఎంసీలు జంట జలాశయాలకి ఇచ్చి మూసీని పారిస్తామంటున్నారు. వందల మీటర్లు ఎత్తిపోసిన నీళ్లు! ముందు మురుగు ఆగకపోతే అవి అందులో కలవడానికే వస్తాయి.

ఎగువ సంగతి చూస్తే ఇంకా బెంగ. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలని అదుపు చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో 69వ జీవో ఇచ్చారు. ఒక చేత్తో నీటి పుట్టుక దగ్గర కాంక్రీటుకి దారి తెరిచి, రెండో చేత్తో ఊళ్లో నదికి తోట వేస్తామంటే విశ్వేశ్వరయ్య లెక్క తలకిందులైనట్టే. 2025 సెప్టెంబర్ చివర్లో జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నేరుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. నదిలో బస్టాండు కట్టుకున్నాం, నది బస్టాండుకి వచ్చింది.

మనుషుల సంగతి కూడా ఈ వరసలోనే చూడాలి. 2024లో నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. కొందరికి డబుల్ బెడ్రూం ఇళ్లిచ్చి తరలించారు. వరద దారిలో ఎవరూ ఉండకూడదన్న మాట నిజమే, 1908 చెప్పింది కూడా అదే. కానీ అదే న్యాయం ఎగువన చెరువుల్లో లేచిన పెద్ద కట్టడాలకీ వర్తించాలి. ఇళ్లు పోయిన చోట రేపు లేచేది గడ్డి కాకుండా ఖరీదైన టవర్ అయితే, ఆ ఖాళీ చేయించడం వరద కోసం కాదని అర్థం.

నేను పార్కుకి వ్యతిరేకిని కాను, వరసే ముఖ్యం అంటున్నా. ముందు గండిపేట పైనున్న చెరువులు, వాటి మధ్య కాలువలు. తర్వాత మురుగు. ఆ తర్వాత ఖాళీ చేసినవాళ్లకి పని దొరికే దూరంలో ఇల్లు. చివర్న తోట. మొదటి మూడూ అయ్యాక తోట మామూలుగా వేసినా ఊరికి చాలు, అవి కాకుండా ఎంత బాగా వేసినా ఒక్క పెద్ద వానకి ఆగదు. ఈసారి పథకం నమూనా బొమ్మలు బయటికొచ్చినప్పుడు బోట్లు, దీపాలు ఉన్న పేజీ దగ్గరే ఆగకండి. ఎగువ చెరువుల గురించి ఒక్క పేజీ అయినా ఉందేమో వెతకండి.