వజ్రమా, హుండీయా? క్రిప్టోతో దేశం దాటేవాళ్లకు పెన్నా ఒడ్డు చెప్పే చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పామిడి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, వచ్చే నెల కువైట్ పోతాండా. ఫోన్‌లో వాలెట్ ఉంది, అందులో కొంచెం బిట్‌కాయిన్ ఉంది. దాన్ని ఎట్లా తీసుకుపోవాల? ఫోన్ పోతే డబ్బు కూడా పోయినట్టేనా?"

మంచి ప్రశ్న. ఏ బటన్ ఎక్కడ నొక్కాలో చెప్పే వీడియోలు మీకు బోలెడు దొరుకుతాయి. మనది చరిత్ర ఛానల్ కాబట్టి నేను వేరే దారిలో వస్తాను. దూర దేశానికి విలువను మోసుకెళ్లడం, మధ్యలో పోగొట్టుకోకుండా చూసుకోవడం అనే సమస్య కొత్తది కాదు. ఆ తమ్ముడి ఊరి పక్కన పారే పెన్నమ్మ ఒడ్డునే మూడున్నర వందల ఏళ్ల కిందట ఈ లెక్కలు నడిచాయి. వాళ్లు ఏం చేశారో తెలిస్తే మనం ఏం చేయాలో సగం అర్థమైపోతుంది.

గండికోటలో ఒక వ్యాపారి

పామిడి గుత్తికీ అనంతపురానికీ మధ్య ఉంటుంది. పెన్నా అక్కడి నుంచి తాడిపత్రి వైపు తిరిగి, ఇంకా కిందికి పోయాక గండికోట దగ్గర ఎర్రటి రాళ్ల లోయలో పారుతుంది. మీలో చాలామంది అక్కడ సెల్ఫీలు దిగే ఉంటారు.

1652లో ఆ కోటకు ఫ్రాన్స్ నుంచి టావెర్నియే అనే నగల వ్యాపారి వచ్చాడు. అప్పటికి కోట పెమ్మసాని నాయకుల చేతిలో నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. గోల్కొండ సుల్తాను ముత్యాలు, రత్నాలు కొనాలంటే ముందు మీర్ జుమ్లా చూసి సరే అనాలి. అందుకే టావెర్నియే గండికోట దాకా రావాల్సి వచ్చింది. మీర్ జుమ్లా కాలివేళ్ల మధ్య, చేతివేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటీ తీసి జవాబులు చెప్పేవాడని ఆయన తన యాత్రల పుస్తకంలో రాశాడు.

ఈ మీర్ జుమ్లా ఎవరు? ఇరాన్ నుంచి వచ్చినవాడు. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, సొంత ఓడలు నడిపి, సైన్యాన్ని నడిపే దాకా ఎదిగాడు. 1655లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు ఆయన మీద అనుమానం వచ్చింది. ఆయన కొడుకును, కుటుంబాన్ని బంధించి ఆస్తులు జప్తు చేయించాడు. మీర్ జుమ్లా మొఘలుల వైపు వెళ్లిపోయాడు. 1656లో షాజహాన్ దర్బారులో ఒక పెద్ద వజ్రాన్ని కానుకగా సమర్పించాడు.

ఇక్కడ గమనించండి. ఇల్లు, భూమి, జాగీరు రాజు చేతిలో ఉంటాయి. ఆయన ఒక మాట అంటే పోతాయి. వజ్రం అలా కాదు. గుప్పెట్లో పడుతుంది, గుర్రం మీద ఎక్కుతుంది, రాజ్యం దాటుతుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే.

ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే

ఇదే దాని గొప్ప, ఇదే దాని ప్రమాదం. గనిలో పనిచేసే ఒక మనిషి కంటి కొనలో వజ్రం దాచుకుని దొరికిపోయాడని టావెర్నియే రాశాడు. తిండికి చాలని కూలి, చేతికి తగిలే రాయి లక్షలది. దాచుకోక ఏం చేస్తాడు చెప్పండి.

ఇంకో కథ 1700 ప్రాంతానిది. కృష్ణా ఒడ్డు గనుల్లో సుమారు 410 క్యారట్ల రాయి దొరికింది. దొరికిన కూలివాడు కాలి గాయంలో దాన్ని దాచి తప్పించుకున్నాడని, సముద్రం దాటిస్తానన్న ఓడ కెప్టెన్ అతన్ని చంపి రాయి తీసుకున్నాడని జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. కథ సంగతి అలా ఉంచితే, దస్తావేజుల్లో ఉన్నది ఇది: మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఆ రాయిని 48,000 వరహాలకు కొన్నాడు. 1702లో కొడుకు రాబర్ట్ చేత ఇంగ్లండుకు పంపాడు. సాన పట్టించాక 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని కొన్నాడు. రీజెంట్ వజ్రం అనే పేరుతో ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉంది.

కొన్నప్పటి నుంచి అమ్మేదాకా పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ పిట్ భయంతోనే బతికాడని అంటారు. పోతే మళ్లీ రాసిచ్చేవాడు ఎవడూ లేడు మరి.

రెండో దారి: హుండీ

హుండీ అంటే మీకు వెంటనే గుడిలో కానుకలు వేసే పెట్టె గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. వ్యాపారస్తుల హుండీ ఒక చీటీ. గోల్కొండలో షరాబు దగ్గర డబ్బు కడితే, సూరత్‌లో ఉన్న తన మనిషికి "ఇతనికి ఇంత ఇవ్వు" అని రాసిస్తాడు. దారిలో దొంగలు పడితే దొరికేది కాగితం ముక్క. ఏ ఊరి నుంచి సూరత్‌కు హుండీ రాస్తే ఎంత బట్టా పడుతుందో టావెర్నియే ఊరి వారీగా రాసిపెట్టాడు కూడా.

ఇందులో తెలివి చూడండి. చూపించగానే డబ్బిచ్చేది దర్శనీ హుండీ, గడువు తీరాక ఇచ్చేది ముద్దతీ హుండీ. షాజోగ్ హుండీ అయితే బజారులో పేరున్న షావుకారు తెస్తేనే చెల్లుతుంది. కాబట్టి దొంగ చేతికి దొరికినా వాడికి పెద్దగా పనికిరాదు. అంకెలు దిద్దకుండా ఇంకో ఏర్పాటు ఉండేది. వంద రూపాయలైతే "వంద, అందులో సగం యాభై, దానికి రెట్టింపు" అని రాసేవాళ్లు. ఒకచోట దిద్దితే రెండోచోట పట్టుబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, హుండీ పోతే ఏం చేసేవాళ్లనేది. రాసిచ్చిన షావుకారు రెండో ప్రతి రాసిచ్చేవాడు, దాన్ని పేఠ్ అంటారు. అదీ పోతే మూడోది, పర్‌పేఠ్. కాగితం పోయినా డబ్బు పోదు. ఎందుకంటే డబ్బు కాగితంలో లేదు, ఆ షావుకారు మాటలో ఉంది.

మరి షావుకారే దివాలా తీస్తే? అప్పుడు పేఠ్ ఉన్నా, పర్‌పేఠ్ ఉన్నా చిత్తుకాగితాలే.

మరి క్రిప్టో ఏది?

ఇప్పుడు తమ్ముడి ఫోన్ దగ్గరికి వద్దాం. మొదట ఒక అపోహ తీసేద్దాం. బిట్‌కాయిన్ ఫోన్‌లో ఉండదు. ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో నడిచే ఒక లెక్కల చిట్టాలో ఉంటుంది. మీ దగ్గర ఉండేది దాన్ని కదిలించే తాళంచెవి మాత్రమే. ఆ తాళంచెవినే మనుషులు రాసుకోడానికి వీలుగా 12 లేదా 24 ఇంగ్లీషు పదాలుగా ఇస్తారు. 2048 పదాల జాబితాలోంచి వస్తాయవి. హుండీలో సగం, రెట్టింపు రాసినట్టే ఇక్కడా ఒక ఏర్పాటు ఉంది. ఆఖరి పదంలో కొంత భాగం మిగతా పదాలను బట్టి లెక్కకట్టి వస్తుంది. తప్పుగా రాసుకుంటే చాలావరకు అక్కడే పట్టుబడుతుంది.

చూడ్డానికి ఇది హుండీలాగే ఉంది కదా? కాగితం మీద పన్నెండు పదాలు, దేశం దాటితే అక్కడ డబ్బు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇది రూపంలో హుండీ, స్వభావంలో వజ్రం. ఆ పదాలు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే. పోతే పేఠ్ రాసిచ్చే షావుకారు లేడు. వేల్స్ దేశంలోని న్యూపోర్ట్‌లో ఒకాయన 2013లో పాత హార్డ్‌డిస్క్ ఒకటి చెత్తలోకి పోగొట్టుకున్నాడు. దానిలో ఏడు వేలకు పైగా బిట్‌కాయిన్ల తాళంచెవి ఉంది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు, చెత్తకుప్ప తవ్వనివ్వలేదు.

"అయితే ఎక్స్చేంజ్‌లోనే పెడతా" అంటారా? అప్పుడది నిజంగానే హుండీ. పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్లీ ఇస్తారు. కానీ షావుకారు నిలబడినంత కాలమే. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల పైచిలుకు దొంగతనం జరిగింది. దాంతో కస్టమర్లు నెలల తరబడి తమ డబ్బు బయటికి తీసుకోలేకపోయారు. పాస్‌వర్డులన్నీ సరిగ్గానే ఉన్నాయి, షరాబు కొట్టే మూతపడింది.

వెళ్లే ముందు మన పేఠ్ మనమే రాసుకోవాలి

అందుకని నేను చెప్పేది ఒకటే. సొంత వాలెట్ పెట్టుకున్నారంటే వ్యాపారీ మీరే, షావుకారూ మీరే. పేఠ్ కూడా మీరే, ఊరు దాటకముందే రాయాలి.

ఆ పదాలను చేత్తో కాగితం మీద గాని, రేకు మీద గాని రాయండి. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. రెండు ప్రతులు రెండు చోట్ల ఉండాలి. ఒకటి ఇంట్లో, మీరు నిజంగా నమ్మే మనిషి దగ్గర సీలు వేసి. రెండూ ఒకే బ్యాగులో పెట్టుకుని ఫ్లైట్ ఎక్కితే ఒక్క ప్రతి ఉన్నట్టే లెక్క.

రాసింది పనిచేస్తుందో లేదో బయల్దేరకముందే చూసుకోండి. కొంచెం మొత్తంతో కొత్త వాలెట్ పెట్టి, దాన్ని డిలీట్ చేసి, ఆ పదాలతోనే తిరిగి తెరవండి. తెరుచుకుంటే మీ పేఠ్ మంచిదే. దారి ఖర్చుకు చిన్న వాలెట్, మిగతాదానికి వేరే వాలెట్ ఉంచుకోండి. ఎక్స్చేంజ్ అకౌంట్ ఉంటే ఓటీపీ ఏ సిమ్‌కు వస్తుందో చూసుకోండి. ఊరి నంబరు రీఛార్జ్ చేయక ఆగిపోతే కొన్నాళ్లకు అది ఇంకొకరికి పోతుంది.

ఇంకో మాట. పిట్ లాగా అందరికీ తెలిసేలా బతకొద్దు. 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో లెడ్జర్ అనే వాలెట్ కంపెనీ స్థాపకుల్లో ఒకాయనను, ఆయన భార్యను ఎత్తుకెళ్లి క్రిప్టో ఇమ్మన్నారు. పోలీసులు విడిపించేలోపే ఆయన వేలు ఒకటి కోసేశారు. తాళం ఎంత గట్టిదైనా మనిషి శరీరం మెత్తనిదే. రూంలో పదిమంది ఉండే చోట "నా దగ్గర ఇంతుంది" అనే మాట ఎత్తొద్దు. సపోర్ట్ అని చెప్పి పన్నెండు పదాలు అడిగేవాడు ఎవడైనా సరే దొంగే.

రాజ్యం మారితే చట్టం మారుతుంది

తమ్ముడు పోయేది కువైట్ కాబట్టి ఇది బాగా వినండి. 2023 జూలైలో కువైట్ ప్రభుత్వ సంస్థలు క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడి, మైనింగ్ అన్నిటినీ నిషేధించాయి. పక్కనే దుబాయ్‌లో 2022 నుంచి లైసెన్సులిచ్చే ప్రత్యేక సంస్థే ఉంది. రెండూ గల్ఫే, చట్టాలు మాత్రం వేరు. కాబట్టి కువైట్‌లో దిగాక కొనడం, అమ్మడం, అక్కడి వాళ్లతో మార్చుకోవడం పెట్టుకోవద్దు. వీసా మీద బతికే మనిషికి వాలెట్‌లో ఉన్న మొత్తం కన్నా ఉద్యోగం పెద్దది. అధికారి అడిగితే అబద్ధం చెప్పొద్దు.

మన దేశంలోనూ లెక్క ఉంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. 2023 మార్చి నుంచి ఎక్స్చేంజ్‌లు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి. కొన్న తేదీ, ధర, రసీదులు దాచుకోండి.

చివరిగా ఒకటి. "అక్కడ నాకు దీనార్లు ఇవ్వు, ఇక్కడ మీ ఇంట్లో నగదు ఇస్తాం" అనే వాళ్లు గల్ఫ్‌లో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు యూఎస్‌డీటీ అని పేరు మార్చుకుని వస్తున్నారు. ఇది పాత హుండీకి వారసుడే, కాకపోతే ఈ రోజు దాని పేరు హవాలా. అది ఫెమా చట్టానికి విరుద్ధం. అలా వచ్చిన డబ్బు ఏదో సైబర్ మోసం సొమ్మైతే ఇంటి దగ్గర అమ్మ బ్యాంకు అకౌంట్ ఆగిపోతుంది. ఇంటికి పంపే జీతం బ్యాంకు ద్వారానో, లైసెన్సున్న ఎక్స్చేంజ్ హౌస్ ద్వారానో పంపండి. నాలుగు రూపాయలు తక్కువ వస్తే రానీండి.

పామిడికి పడమటగా వజ్రకరూరు ఉంది. తొలకరి పడితే చాలు, ఇప్పటికీ జనం ఆ చుట్టుపక్కల చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. కరువు సీమలో ఒక్క రాయితో బతుకు మారుతుందన్న ఆశ అది. ఆ ఆశనే ఫోన్‌లో పెట్టుకుని విమానం ఎక్కుతున్న తరం మనది. ఆశ పెట్టుకోవడంలో తప్పేం లేదు. కానీ రాయి దొరకడం ఒక ఎత్తు, దాన్ని పోగొట్టుకోకుండా ఇల్లు చేర్చడం ఇంకో ఎత్తు. టికెట్ బుక్ చేసుకున్న వాళ్లు ఈ రాత్రికే ఒక కాగితం, పెన్ను తీసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.