తాగుబోతుల వరసలో దేవుడి పాట

లండన్ సిటీ రోడ్డులో ఈగిల్ టావెర్న్ అంటే తాగుడుకీ, పాటకీ, గోలకీ పెట్టింది పేరు. 1882లో దాన్ని కొన్నది ఏ సారా వ్యాపారో కాదు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. తాగుడు మానమని ఊరూరా చెప్పేవాళ్లు తాగుడు కొంపనే కొనేసరికి పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు.

ఆ సంస్థను పెట్టిన విలియం బూత్‌కు తాగుడు కొంపల జనం కొత్త కాదు. నాటింగ్‌హామ్‌లో పుట్టి, పదమూడేళ్లకే తాకట్టు కొట్టులో పనికి కుదిరినవాడు. 1865లో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో గుడారం వేసి ప్రసంగాలు మొదలుపెట్టాడు. అప్పట్లో చాలా చర్చిల్లో మంచి బెంచీలు అద్దె కట్టినవాళ్లవి. మాసిన బట్టలతో పనివాడు ఆ మెట్లెక్కుతాడా?

ఈ వీధి ప్రసంగాలకు తోడైన ఇత్తడి బ్యాండు మాత్రం ఎవరూ పథకం వేసి పెట్టింది కాదు. 1878లో సాల్స్‌బరీ వీధుల్లో ప్రసంగించేవాళ్ల మీద రౌడీలు పడుతుంటే, ఇళ్లు కట్టే చార్లెస్ ఫ్రై తన ముగ్గురు కొడుకులతో కాపలాకి వచ్చాడు. నలుగురికీ ఇత్తడి బూరలు వాయించడం వచ్చు. వాటినీ వెంట తెచ్చుకున్నారు. ప్రసంగానికి ఆగని జనం బూరకు ఆగారు.

బూరల వెనకే వరసలూ వచ్చాయి. షాంపేన్ తాగి జల్సా చేసే కుర్రాడి మీద జార్జ్ లేబోర్న్ పాడిన ‘షాంపేన్ చార్లీ’ అప్పటికి మ్యూజిక్ హాళ్లలో మోగిపోయిన పాట. దాని వరసకే భక్తి మాటలు కట్టారు. బూత్ మొదట జంకాడు; జనం గొంతు కలిపిన తీరు చూసి మనసు మార్చుకున్నాడు. వరస పనివాడికి ముందే నోటికి వచ్చు, ఇక మాటలు నేర్పితే చాలు.

తిట్లకు కొదవ లేదు, దెబ్బలకూ లేదు. సారా దుకాణదారుల అండతో ‘స్కెలిటన్ ఆర్మీ’ గుంపులు పుట్టుకొచ్చి ఊరేగింపుల మీద రాళ్లు రువ్వాయి. శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1890లో టైమ్స్ పత్రికకు ఉత్తరాలు రాసి, సాల్వేషన్ ఆర్మీది పూనకపు భక్తి అని ఎద్దేవా చేశాడు. ఇంగ్లండ్ చర్చిలోనూ చాలామంది ఈసడించారు. కానీ 1882లో అదే చర్చిలోంచి ‘చర్చ్ ఆర్మీ’ పుట్టింది. దాన్ని పెట్టిన విల్సన్ కార్లైల్ స్వయంగా ట్రాంబోన్ వాయించేవాడు!

అసలు డప్పు, బూర లోకవాసన కొడతాయన్న వాళ్ల చర్చిలో ఆర్గన్ మాటేమిటి? దాని పూర్వరూపం రోమన్ల కాలంలో కత్తియుద్ధాల మైదానాల్లో మోగింది. ఈసడింపు వాద్యం మీద తక్కువ, దాని వెంట వచ్చే జనం మీద ఎక్కువ అనిపిస్తుంది.

1882 సెప్టెంబరులో సాల్వేషన్ ఆర్మీ బొంబాయిలో దిగింది. నాయకుడు ఫ్రెడరిక్ టకర్ ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్నవాడు. ఇక్కడ కాషాయం కట్టి, చెప్పులు వదిలి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. దొర ఇలా తిరగడం తెల్లవాళ్లకు కంటగింపైంది. ఊరేగింపులు తీస్తే పోలీసులు పట్టుకెళ్లారు.

జనానికి తెలిసిన వరసలోనే దేవుడి పాట కట్టాలన్న పాఠం తెలుగువాళ్లకు మాత్రం బూత్ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి ఇంగ్లిష్ వరసల కోసం చూడకుండా, ఇక్కడి రాగాల్లోనే క్రీస్తు కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే, పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు నేటికీ కనిపిస్తాయి.