నీటినుండి ఇంధనము: రామగుండము నేర్పిన పాఠము

గాజుసీసాలో నీరు పోసి, కొంచెము కాస్టిక్ సోడా కలిపి, రెండు ఉక్కు పలకలు ముంచి, వానికి మోటారుబండి బ్యాటరీ తీగెలు తగిలించినచో పలకలపై బుడగలు లేచును. ఒకదానివద్ద ఉదజని, రెండవదానివద్ద ఆమ్లజని పుట్టును. ఉదజని మండును, మండి మరల నీరే అగును. ఇది చూచిన యువకునకు నీటితోనే బండి నడుపరాదా అను ఆశ కలుగుట సహజము. ఈ ఆశకు రెండువందల ఏండ్ల చరిత్ర కలదు. అందొక అధ్యాయము మన గోదావరి ఒడ్డుననే జరిగినది.

1800లో వోల్టా బ్యాటరీ వార్త తెలిసిన కొలది వారములకే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనువారు విద్యుత్తుతో నీటిని విడదీసిరి. 1807లో ద రివాజ్ అను స్విస్ దేశీయుడు ఉదజనితో నడచు ఇంజనునకు పేటెంటు పొందెను. కాని ఎంత విద్యుత్తుకు ఎంత వాయువు వచ్చునో 1830లలో ఫారడే కొలిచి చెప్పువరకు ఈ ఆశకు లెక్క లేకుండెను.

ఆ లెక్కను మన సీసాకు అన్వయింతము. 12 వోల్టుల బ్యాటరీనుండి 10 ఆంపియర్ల విద్యుత్తును ఒక గంట పంపితిమనుకొందము. వ్యయము 120 వాట్ గంటలు. లభించు ఉదజని నాలుగు లీటర్లకు కొంచెము ఎక్కువ. అది మండిన వచ్చు వేడిమి సుమారు 15 వాట్ గంటలు. రెండు మిల్లీలీటర్ల పెట్రోలైనను దానికంటె ఎక్కువ వేడిమి నిచ్చును. ఆరు సీసాలను వరుసగా కలిపి అదే విద్యుత్తును పంపినచో ఫలము ఆరింతలై 90కి చేరును; ఐనను 120కి తక్కువయే. అందులో పావువంతు మాత్రమే ఇంజనులో చలనముగా మారును. పైగా ఆ బ్యాటరీని నింపునది ఆ ఇంజనే! రెండు వాయువులు ఒకేచోట చేరినచో చిన్న నిప్పురవ్వకే ప్రేలును.

నీటిని విడదీయుట వ్యర్థమని దీని అర్థము కాదు. దానికి శక్తి వేరొకచోటనుండి రావలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై దేశమున పలుచోట్ల నడచిన బొగ్గు బస్సులలో ఎర్రగా కాలిన బొగ్గు ఆ శక్తి నిచ్చినది. 1960ల ఆరంభమున పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడదీసి ఉదజనిని తీసినది.

మనకు గోదావరికి ఈవల కరీంనగరు, ఆవల ఆదిలాబాదు. రెండు దరులను సింగరేణి బొగ్గు కలదు. అందుచే నాటి కరీంనగరు జిల్లాలోని రామగుండమున ఎరువులకై బొగ్గు మార్గమునే ఎన్నుకొనిరి. బొగ్గుపొడిని ఆమ్లజని, నీటిఆవిరులతో మండించి ఉదజనిని రాబట్టి, దానిని నత్రజనితో కలిపి అమ్మోనియా, దానినుండి యూరియా చేసిరి. 1980లో ఉత్పత్తి ప్రారంభమైనది. కాని గాలినుండి ఆమ్లజనిని వేరుచేయుటకు ఎడతెగని విద్యుత్తు కావలెను. కరెంటు అంతరాయములు, యంత్రముల చిక్కులు కర్మాగారమును క్రుంగదీసినవి. 1999లో అది మూతపడినది. దానిని నమ్ముకొన్న కుటుంబముల బ్రతుకుతెరువు పోయినది. 2021లో అదేచోట మరల యూరియా తయారగుట ఆరంభమైనది. ఈమారు ఉదజనికి మూలము గొట్టముద్వారా వచ్చు సహజవాయువు.

నీరు, బొగ్గు రెండును చెంతనున్నను, విద్యుత్తు తప్పినప్పుడు అంతటి కర్మాగారమే నిలువలేకపోయినది. ఉదజని ఊట కాదు, కుండ. ఎక్కడనో తోడిన శక్తిని మోసికొనివచ్చుటకే అది పనికివచ్చును. ఎండనుండి మిగులు విద్యుత్తు లభించునపుడు ఆ కుండ మిక్కిలి విలువైనదే. కావున యువకులారా, సీసా కట్టుడు, బుడగలు చూడుడు. కాని వాయువును ఆరుబయటికి పోనిండు, దీపమును దూరముగా నుంచుడు. బుడగలను లెక్కించుటకు ముందు బ్యాటరీ ఇచ్చినదెంతయో కొలువుడు.