వాజ్ పక్కన ఐఎన్‌జీ ఎక్కడిది?

ఇవాళ పాస్ట్ కంటిన్యువస్ టెన్స్ గురించి మాట్లాడుకుందాం. రూల్ మీకు వచ్చు. వాజ్ గానీ వర్ గానీ పెట్టి, క్రియకి ఐఎన్‌జీ తగిలించమని చిన్నప్పుడే బట్టీ పట్టించేశారు కదా. కానీ ఆ ఐఎన్‌జీ అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం మనకి ఎవరూ చెప్పలేదు.

9వ శతాబ్దం చివరికి వెళ్దాం. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రాజు కాలం. ఒరోసియస్ అనే ఆయన లాటిన్‌లో రాసిన చరిత్రని అప్పుడు ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో యుద్ధాలు ఎక్కువ. వాళ్ళు పోరాడుతూ ఉన్నారు అని చెప్పాల్సిన చోట మన వాజ్, వర్ లాంటి మాటే ఉంటుంది, కానీ క్రియ చివర ఐఎన్‌జీ ఉండదు. 'ఎండె' అని ఉంటుంది. మన తెలుగులో 'తూ' ఎలాగో, వాళ్ళకి ఆ 'ఎండె' అలాగ.

మరి ఐఎన్‌జీ? అది వేరే ఇంటి పిల్ల. అది క్రియ నుంచి నామవాచకం తయారుచేసే ప్రత్యయం. హంటింగ్ అంటే వేట. 'హి వాజ్ ఆన్ హంటింగ్' అంటే 'వేటలో ఉన్నాడు' అని. మనం పనిలో ఉన్నాడు, నిద్రలో ఉన్నాడు అంటాం చూడండి, అచ్చం అదే. ఆ 'ఆన్' అరిగి అరిగి 'అ' అయింది, 'అ-హంటింగ్' అన్నారు. తర్వాత ఆ 'అ' కూడా రాలిపోయింది. అమెరికాలో అపలాచియన్ కొండల్లో పెద్దవాళ్ళు 20వ శతాబ్దంలో కూడా ఆ 'అ' పలికేవారు. ఈలోగా పాత 'ఎండె' కూడా ఉచ్చారణలో ఐఎన్‌జీలో కలిసిపోయింది. రెండు వాగులు కలిసి ఒక ఏరు అయిందన్నమాట.

అయినా చాలాకాలం దాన్ని వాడి తీరాలనే పట్టింపు లేదు. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ నాటకంలో హామ్లెట్ పుస్తకం పట్టుకుని ఉంటాడు. ఏం చదువుతున్నారు ప్రభూ అని పొలోనియస్ అడుగుతాడు. అక్కడ ఐఎన్‌జీ లేదండి, ఉత్త సింపుల్ ప్రెజెంట్! ఇవాళ ఏ పిల్లాడైనా అలా రాస్తే ఎర్రసిరా పడుతుంది.

ఇంకా తమాషా సంగతి ఒకటుంది. ఇల్లు కడుతున్నారు, ఇంకా పూర్తి కాలేదు అనడానికి ఒకప్పుడు 'ద హౌస్ వాజ్ బిల్డింగ్' అనేవారు. ఇల్లే ఏదో కడుతోంది అన్నట్టు లేదూ? ఇవాళ మనం రాసే 'వాజ్ బీయింగ్ బిల్ట్' తరహా వాక్యాలు 18వ శతాబ్దం చివర్లోగానీ కనబడవు. 1795లో కవి రాబర్ట్ సదీ ఒక ఉత్తరంలో మంగలి ఒకడి పన్ను పీకుతున్న సంగతి ఆ తరహాలోనే రాశాడు. పండితులకి అది నచ్చలేదు. 1870లో అమెరికాలో రిచర్డ్ గ్రాంట్ వైట్ తన పుస్తకంలో దీన్ని తిట్టడానికే ఒక అధ్యాయం కేటాయించాడు. ఆయన తప్పన్న దాన్నే మన పిల్లలు ప్యాసివ్ వాయిస్ పాఠంలో మార్కుల కోసం నేర్చుకుంటున్నారు. నాకైతే నవ్వొస్తుంది.

ఇక మన సంగతికి వద్దాం. మనవాళ్ళు చాలామంది 'వెన్ ఐ వెంట్, హి ఈజ్ ఈటింగ్' అంటారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్కకే ఎదుటివాళ్ళ మొహం మారిపోతుంది, ఇంగ్లీషు రాదని తేల్చేస్తారు. కానీ తెలుగులో చూడండి. 'ఇప్పుడు వాడు తింటున్నాడు', 'నేను వెళ్ళేసరికి వాడు తింటున్నాడు'. మాట ఒకటే! ఎందుకంటే మన 'ఉన్నాడు' రెండు కాలాలకీ పనికొస్తుంది. నిన్న ఇంట్లో ఉన్నాడు, ఇవాళా ఇంట్లోనే ఉన్నాడు. కాలం సంగతి 'వెళ్ళేసరికి' అన్న మాటే చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ పని 'బి' క్రియ చెయ్యాలి. దాన్ని బద్ధకం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకని వాక్యం రాసేముందు తెలుగులో అనుకుని, 'అప్పటికి' అనే మాట అతుకుతుందేమో చూడండి. 'అప్పటికి వాడు తింటున్నాడు.' అతికిందా, వాజ్ పెట్టండి. 'ఇప్పుడు' అతికితే ఈజ్. పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ కథ ఇంకా పొడుగు, అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.