చిట్టెము సిమెంటు – తొలి దినముల బలము

ఇంటికప్పునకు కాంక్రీటు పోసిన మేస్త్రీ సెంట్రింగు చెక్కలు ఊడదీయుటకు తొందరపడుట సహజము. అవి ఎంత త్వరగా చేతికి వచ్చిన, తరువాతి కప్పు పని అంత త్వరగా సాగును. కాని కాంక్రీటునకు తగిన బలము రాకముందే వానిని తీసినచో కప్పు కూలి ప్రాణములు పోవచ్చును. కావున ఒక సిమెంటు చివరకు ఎంత గట్టిపడునో తెలిసిన చాలదు. మొదటి రెండు మూడు దినములలో ఎంత గట్టిపడునో కూడ తెలియవలెను. మన దేశపు ప్రమాణముల ననుసరించి 43 గ్రేడు సాధారణ పోర్టులండు సిమెంటునకు 3 దినములలో కనీసము 23 మెగాపాస్కలుల బలము రావలెను. చిట్టెము కలిపిన సిమెంటునకు 16 వచ్చిన చాలును. ఈ వెలితిని పూడ్చుటకు జరిగిన ప్రయత్నములకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

పోర్టులండు సిమెంటునకు 1824లో ఇంగ్లండు దేశీయుడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందెను. నేడు సున్నపురాతిని, బంకమట్టిని సుమారు 1450 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చి క్లింకరును తయారుచేయుదురు. అందలి ట్రైకాల్షియము సిలికేటు నీటితో చురుకుగా సంయోగము చెందుటచేతనే తొలి దినములలో బలము వచ్చును. అయితే సున్నపురాయి కాలునపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు వెలువడును. టన్ను క్లింకరునకు ఈ విధముగనే సుమారు అరటన్ను వాయువు గాలిలో కలియును. ఇంధనమునుండి వచ్చునది దీనికి అదనము. మానవుల పనులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటు పరిశ్రమవే. కావుననే క్లింకరును తగ్గించు సిమెంట్లకు నేడు ప్రాముఖ్యము కలిగినది.

అట్టి సిమెంట్లలో ప్రాచీనమైనది చిట్టెము సిమెంటు. ఇనుమును తీయు బ్లాస్టు కొలిమిలో లోహముపై తేలు మలినమే చిట్టెము. కరగిన చిట్టెమును ఒక్కసారిగా నీటితో చల్లార్చినచో స్ఫటికములు ఏర్పడుటకు వ్యవధి లేక అది గాజువంటి గుళికలగును. ఈ గుళికల పొడికి సున్నము కలిపిన గట్టిపడునని 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ కనుగొనెను. 1909లోను, 1917లోను ఆ దేశము చిట్టెము సిమెంట్లకు ప్రమాణములను అంగీకరించెను.

ఈ పొడిలో శక్తి కలదు గాని అది నిద్రాణమై యుండును. వట్టి నీరు తగిలినపుడు రేణువు పైపొరలోని కాల్షియము కొంత కరగిపోయి, సిలికా అధికముగా గల పలుచని పొర మిగులును. ఆ పొర లోపలి గాజును నీటికి అందనీయదు. దానిని ఛేదింపగలది క్షారము. క్లింకరు నీటితో కలిసినపుడు పుట్టు సున్నము ఈ పనిని చేయును గాని, మెల్లగా చేయును.

సిమెంటును త్వరపెట్టుటకు కాల్షియము క్లోరైడును కలుపు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమునుండియు కలదు. అది చవుక, గుణము వెంటనే కనిపించును. కాని కాంక్రీటులోని ఇనుప కమ్ములను కాపాడు పొరను క్లోరైడు చెరచును. కమ్ములు త్రుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును చీల్చును. మొదటి వారములో లభించిన లాభమునకు కొన్ని యేండ్ల తరువాత కట్టడము మూల్యము చెల్లింపవలసి వచ్చును. అందుచేత కమ్ములుగల కాంక్రీటులో క్లోరైడు ఘనమీటరునకు 0.6 కిలోగ్రాములను మించరాదని భారత ప్రమాణము నిర్ణయించినది.

జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ క్యూల్ 1908లో వేరొక మార్గము చూపెను. చిట్టెమునకు కాల్షియము సల్ఫేటును, కొద్దిపాటి క్లింకరును చేర్చిన, అందలి అల్యూమినా సల్ఫేటుతో కూడి సూదులవంటి స్ఫటికములుగా పెరుగును. ఆ సూదుల అల్లికయే తొలిబలమునకు మూలము. 1940లో బెల్జియము దేశపు ఏ. ఓ. పర్డన్ క్షారములు చిట్టెముపై చేయు పనిని పరిశోధించి ప్రకటించెను. 1950 దశకములో బ్రస్సెల్సులో ఆ సిమెంటుతో కొన్ని భవనములు లేచినవి. అదే దశకములో కీవ్ నగరమున విక్టర్ గ్లుఖోవ్‌స్కీ సోడియము కార్బొనేటు, సోడియము సిలికేటులతో ఇట్టి సిమెంట్లను పెంపొందించెను.

అయినను ఈ మార్గము ఇబ్బందులు లేనిది కాదు. కాస్టిక్ సోడా పనివాని చేతులను కాల్చును. సోడియము సిలికేటు పాళ్లు కుదరనిచో కాంక్రీటు పోయుటకు ముందే బిగిసిపోవును. ఈ క్షారముల తయారీకి కూడ ఇంధనము కావలెను.

ఇటీవలి మార్గము మరింత సున్నితమైనది. చక్కెర పాకములో దారము వ్రేలాడదీసిన దానిపై కలకండ త్వరగా పేరును. అట్లే సిమెంటు గట్టిపడునపుడు ఏర్పడు కాల్షియము సిలికేటు హైడ్రేటునే సూక్ష్మరేణువులుగా ముందే కలిపినచో, అవి క్రొత్త పదార్థము పెరుగుటకు ఆధారములగును. జెఫ్రీ థామస్, హామ్లిన్ జెన్నింగ్స్, జెఫ్రీ చెన్ 2009లో పోర్టులండు సిమెంటునందు ఈ ప్రభావమును వివరించిరి. 2011లో క్షారముతో మేల్కొల్పిన చిట్టెమునందు కూడ ఇట్టి విత్తనములు తొలిబలమును పెంచునని ప్రకటింపబడెను. ఇవి కమ్ములకు క్లోరైడువలె కీడు చేయవు.

విశాఖపట్టణము ఉక్కు కర్మాగారపు కొలుముల చిట్టెము సిమెంటు తయారీకి పోవుచున్నది. ఒకప్పుడు గుట్టలుగా పారవేయబడిన పదార్థము నేడు ఇండ్ల గోడలలో చేరినది. దానిని త్వరపెట్టు మందులు ఎన్ని వచ్చినను, ప్రతి మందును రెండు ప్రశ్నలతో పరీక్షింపవలెను: మూడవ దినమున అది ఏమి ఇచ్చును? ముప్పదియవ సంవత్సరమున ఏమి మిగుల్చును? మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము చూచుకొన్నచో ఎట్టి నష్టము కలుగునో క్లోరైడు కథ తెలుపుచున్నది.