వాయుసేనలో చేరాక కూడా చదువు ఆగదు: అధికారులు ఏ పుస్తకాలు చదువుతారు? ఎందుకు?

వాయుసేన ఉద్యోగం అనగానే చాలా ఇళ్లలో గుర్తొచ్చేవి రెండే. ఒకటి ఒంటి దారుఢ్యం, రెండోది మ్యాథ్స్, ఫిజిక్స్ మార్కులు. మూడోది ఒకటుంది, అది పుస్తకాలు చదివే అలవాటు. అమెరికా వాయుసేన అధిపతిగా ఉన్న జనరల్ రోనాల్డ్ ఫోగుల్‌మన్ 1996లో తన సిబ్బంది చదవాల్సిన పుస్తకాలతో ఒక జాబితానే మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన అధిపతులు దాన్ని మారుస్తూ కొనసాగించారు. బ్రిటన్ వాయుసేనలోనూ ఇలాంటి జాబితాలు వస్తుంటాయి.

దీని వెనక కారణం సులువుగానే అర్థమవుతుంది. డాక్టర్‌కు రోజూ పేషెంట్లు వస్తారు, లాయర్‌కు రోజూ కేసులుంటాయి. సైనికుడికి మాత్రం యుద్ధం రోజూ రాదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క యుద్ధమూ చూడకుండా రిటైరయ్యేవాళ్లు ఉంటారు. కానీ ఆ ఒక్కరోజు వచ్చినప్పుడు తప్పు చేస్తే ప్రాణాలు పోతాయి. అందుకే ముందు తరాల అనుభవాన్ని పుస్తకాల నుంచి తీసుకోవాలి.

మన యుద్ధాలు చెప్పే పాఠాలు

1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు భారత వాయుసేన తన ఫైటర్, బాంబర్ విమానాలతో దాడులు చేయలేదు. రవాణా విమానాలు, హెలికాప్టర్లు మాత్రం కొండల్లోని సైనికులకు సామాను చేరవేస్తూ, గాయపడినవాళ్లను తెస్తూ పనిచేశాయి. ఆ నిర్ణయం సరైనదేనా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఆ సంగతులు తెలుసుకోవాలంటే ఎయిర్ మార్షల్ భరత్ కుమార్ రాసిన ‘అన్‌నోన్ అండ్ అన్‌సంగ్’ చదవాలి.

1965 యుద్ధంలో పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ స్థావరం మీద దాడి చేసి, నేల మీద నిలిపి ఉంచిన విమానాలను ధ్వంసం చేశాయి. ఆ దెబ్బ తర్వాత భారత వాయుసేన తన విమానాలకు గట్టి రక్షణ గోడలు, షెల్టర్లు కట్టించింది. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్ మళ్లీ అలాగే హఠాత్తుగా దాడి చేసినా పెద్ద నష్టం జరగలేదు. 1965లో వైస్ చీఫ్‌గా, 1971లో చీఫ్‌గా ఉన్న ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ ‘మై ఇయర్స్ విత్ ది ఐఏఎఫ్’లో తన సర్వీసు కాలం గురించి రాశారు. ఆయన చనిపోయాక భార్య ఈలా లాల్ దాన్ని సరిచూసి 1986లో తీసుకొచ్చారు.

1999 కార్గిల్ కథ వేరు. అంత ఎత్తున గాలి పలుచగా ఉంటుంది కాబట్టి మైదానంలో వేసినట్టు బాంబు వేస్తే గురి తప్పుతుంది. మొదటి రోజుల్లోనే రెండు ఫైటర్ విమానాలు, ఒక ఎంఐ-17 హెలికాప్టర్ పోయాయి. వెంటనే పద్ధతి మార్చారు. విమానాలు క్షిపణులకు అందని ఎత్తుకు వెళ్లాయి, మిరాజ్-2000లు లేజర్ బాంబులతో రంగంలోకి దిగాయి. బెంజమిన్ లాంబెత్ రాసిన ‘ఎయిర్‌పవర్ ఎట్ 18,000’ ఈ మార్పుల గురించే చెబుతుంది.

రెండు వైపులా చదవాలి

యుద్ధం అయ్యాక ఎవరి లెక్క వాళ్లు చెబుతారు. మనం ఇన్ని విమానాలు కూల్చామని మనమంటాం, అవతలివాళ్లు అవునని ఒప్పుకోరు. పి.వి.ఎస్. జగన్ మోహన్, సమీర్ చోప్రా కలిసి 1965 యుద్ధం మీద రాసిన పుస్తకానికి పేరు రావడానికి కారణం ఇదే. అందులో గెలుపులతో పాటు మన నష్టాలూ దాచకుండా రాశారు. పాకిస్తాన్ వాయుసేన మాజీ అధిపతి అస్గర్ ఖాన్ రాసిన ‘ది ఫస్ట్ రౌండ్’, ఆ దేశపు మాజీ పైలట్ కైసర్ తుఫైల్ 1971 మీద రాసిన పుస్తకం కూడా పక్కన పెట్టుకుని చదివితేనే బొమ్మ పూర్తవుతుంది. ఎదుటివాడి పుస్తకం చదివితే దేశభక్తి తగ్గదు. అతడు ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవడం కూడా డ్యూటీలో భాగమే.

పేరున్న పుస్తకమైనా సరే, గుడ్డిగా నమ్మకూడదు. ఇటలీకి చెందిన జూలియో డౌహే 1921లో ‘ది కమాండ్ ఆఫ్ ది ఎయిర్’ రాశారు. నగరాల మీద బాంబులు కురిపిస్తే జనం ధైర్యం చెడి, ప్రభుత్వాలు లొంగిపోతాయన్నది ఆయన వాదన. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్, హాంబర్గ్ లాంటి నగరాలు తగలబడ్డాయి, వేలమంది సామాన్యులు చనిపోయారు, అయినా జనం ఆయన అనుకున్నట్టు లొంగలేదు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదివిస్తారు. ఎందుకంటే ఒక తప్పు అంచనాకు ఎన్ని ప్రాణాలు బలవుతాయో అది నేర్పుతుంది.

హైదరాబాద్‌తో ఉన్న బంధం

దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. 1978 నుంచి 1981 వరకు వాయుసేన అధిపతిగా ఉన్న ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ కూడా హైదరాబాదీయే. దేశ విభజన సమయంలో పాకిస్తాన్ వాయుసేనకు వెళ్లే అవకాశం ఉన్నా ఆయన ఇక్కడే ఉండిపోయారు. ఆయన జీవిత కథను భార్య బిల్కీస్ లతీఫ్ ‘ది ల్యాడర్ ఆఫ్ హిజ్ లైఫ్’ పేరుతో రాశారు. ‘వాయుసేనలో మనవాళ్లకు పైదాకా వెళ్లే దారి ఉంటుందా’ అని సందేహించే ఇళ్లలో ఉండాల్సిన పుస్తకం ఇది.

పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ, డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ రాసి అధికారులు కావచ్చు. ఇప్పుడు ఈ రెండు దారులూ అమ్మాయిలకు కూడా తెరిచే ఉన్నాయి. రాత పరీక్ష పాసైనా సెలెక్షన్ బోర్డు దగ్గర గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ ఉంటాయి. కోచింగ్‌లో బట్టీపట్టిన జవాబులు అక్కడ పెద్దగా పనిచేయవు. చదివి, ఆలోచించి, తన మాటల్లో చెప్పగలగాలి.

పైన చెప్పిన పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌వే. ఇంగ్లిష్ కష్టమనిపించే పిల్లలు తెలుగులో దొరికే అబ్దుల్ కలాం ‘ఒక విజేత ఆత్మకథ’తో మొదలుపెట్టొచ్చు. పైలట్ కావాలని కలలు కన్న కలాం డెహ్రాడూన్ సెలెక్షన్ బోర్డు ముందు 25 మందిలో తొమ్మిదో స్థానంలో నిలిచారు. తీసుకున్నది ఎనిమిది మందినే. ఆయనే తర్వాత హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా దేశ క్షిపణి కార్యక్రమాన్ని నడిపించారు.

ఆ తర్వాత లాల్ పుస్తకం, 1965 పుస్తకం చేతికివ్వొచ్చు. రోజుకు పది పేజీలు చాలు. ప్రతి అధ్యాయం అయ్యాక మూడు ప్రశ్నలకు నోట్‌బుక్‌లో జవాబు రాయించండి: ఏం జరిగింది? ఎందుకు జరిగింది? ఆ అధికారి స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి? రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఆ జవాబు పైకి చదివించి ఇంట్లోవాళ్లంతా వింటే, గ్రూప్ డిస్కషన్‌కు ప్రాక్టీసు అక్కడే మొదలవుతుంది.